మా ఇంటి దుబాసీ

“మా పాప మహా గట్టిదమ్మా, తొమ్మిదేళ్ళకే ఇంటి పనులన్నీ చక్కబెడుతోంది” అని అమెరికానుంచి మా ఊరు సత్రపట్టికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పుకుని మురిసిపోయేదాన్ని. కుళాయి కారుతోందని అపార్ట్‌మెంట్ ఆఫీసుకి చెప్పేది తనే. ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం చదివి, ఇది బిల్లు కాదమ్మా, ఊరికే లెక్క పంపారు అని విడమరిచేదీ తనే. తన టీచరుతో నా తరఫున మాట్లాడేది, తన గురించి టీచరు అన్న మాట నాకు తెలుగులో చెప్పేది. (మంచివే చెప్పేదని తర్వాత తెలిసింది.) అటునుంచి మా అమ్మ “నా బంగారు తల్లే” అనేది. సాయంత్రానికల్లా ఆ మాట మా వీధంతా పాకేది.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై ఒకటి. ఆ పొగడ్త వెనక అది ఏం మోస్తోందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తీరు కూడా నాకు గౌరవం తెచ్చేది కాదు.

సత్రపట్టి విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పక్కన ఉంటుంది. మీ గాయానికి ఎప్పుడైనా ఆస్పత్రిలో కట్టు కట్టి ఉంటే ఆ గుడ్డ మా ఊళ్ళో నేసింది కావచ్చు. బ్యాండేజీ గుడ్డ, గాజ్ గుడ్డ మా ఊరి బతుకుతెరువు. మరమగ్గాన్ని మేం తమిళంవాళ్ళలాగే తరి అంటాం. తరుల చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళం, కరెంటు పోయి చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. బడినుంచి రాగానే ఆడపిల్లలం బ్యాండేజీ చుట్టలు చుట్టడానికి కూర్చునేవాళ్ళం. ఎన్ని చుట్టితే అంత కూలి.

ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు నిన్నమొన్నటివి కావు. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత నాయకరాజుల కాలంలో దక్షిణానికి దిగినవాళ్ళ సంతతి. రాజపాళయం రాజుల సంగతి చాలామందికి తెలుసు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా అక్కడివాడే. రాజులు కాని మాలాంటి తెలుగువాళ్ళూ బోలెడుమంది ఉన్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసే చట్టం 2006లో వచ్చింది, భాషా మైనారిటీలు దాని మీద కోర్టుల దాకా వెళ్ళారు. మా ఇంట్లో ఆ గొడవకి తావే లేదు, చట్టం రాకముందే మేం చదివింది తమిళమే. మా నాయనకి తెలుగు అక్షరం ముక్క రాదు. నాకూ రాదు. నేనీ అక్షరాలు నేర్చుకున్నది అమెరికాలో, పాపను సిలికానాంధ్ర మనబడి అనే తెలుగు బడిలో చేర్చి, దాని పక్కన కూర్చుని దిద్దుకుని. ఒత్తులు నాకంటే దానికే ముందు వచ్చాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వలస అంటే మాకు తెలియనిది కాదని నా ధీమా. నాలుగు వందల ఏళ్ళకు పైగా పరాయి భాష మధ్య బతికినవాళ్ళం, మాకు తెలియని కష్టమా? పాప ఎప్పుడైనా బడిలో ఒక్కదాన్నే కూర్చుంటున్నానని ఏడిస్తే ఇదే పాఠం అప్పజెప్పేదాన్ని. “మేం తమిళం బడిలో చదవలేదా? మాకేమైనా అయిందా? నీకేం తక్కువ?”

2009లో వెళ్ళాం. ఆయనకి ఉద్యోగం మీద ఇచ్చే హెచ్-1బి వీసా, నాకూ పాపకీ కుటుంబానికిచ్చే హెచ్-4. పాపకి ఐదేళ్ళు. మొదట అర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు, ఆ కంపెనీ చుట్టూ మన కంప్యూటర్ పనివాళ్ళు చాలామందే ఉంటారు. రాజపాళయంలో బి.కాం. చదివి, పెళ్ళికి ముందు ఒక మిల్లు ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని నేను. అప్పట్లో హెచ్-4 మీద ఉద్యోగం చెయ్యకూడదు. కారు నడపడం రాదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, అవతలివాళ్ళు మాట్లాడితే పట్టుకోలేను, నేను మాట్లాడితే వాళ్ళు పట్టుకోలేరు. ఆయన ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళేవాడు, ఒక్కోసారి వారమంతా ఇంట్లో మేమిద్దరమే. మాట్లాడ్డానికి నాకున్నది ఒక్క పాపే. అత్తగారింటి మీద కోపం, డబ్బుల చింత, ఆయన మీద అలక, ఊరి మీద బెంగ, అన్నీ దానికే చెప్పేదాన్ని. అది బుద్ధిగా వినేది. “ఏడవకు అమ్మా” అని నీళ్ళు తెచ్చిచ్చేది. మాది స్నేహితుల్లాంటి బంధం అనుకునేదాన్ని. స్నేహితులైతే నాలుగు రోజులు మొహం చాటేయొచ్చు, ఏడేళ్ళ పిల్ల ఎక్కడికి పోతుంది?

2013 చలికాలంలో నాకు రెండో కాన్పు. ఐదో నెల. ఆయన ప్రాజెక్టు పని మీద షికాగోలో ఉన్నాడు. పొద్దుటినుంచి నొప్పి, కొంచెం రక్తం. ఎదురింటావిడ ఆస్పత్రి దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళగానే నర్సు మీది ఏ భాష అని అడిగింది. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెడతాం అంది. అంతవరకూ నాకు అర్థమైంది. వద్దన్నాను. దానికి వేరే బిల్లు వేస్తారని ఒక భయం. ఫోన్ అవతల ఎవరో తెలుగాయన ఉంటాడు, నా కడుపు సంగతి ఆయనెందుకు వినాలి, రేపు మనవాళ్ళలో ఎవరికి చెబుతాడో అని ఇంకో భయం. “మై డాటర్” అని పాపను ముందుకు తోశాను.

డాక్టరు కడుపు మీద స్కాన్ పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. నా వైపూ పాప వైపూ మార్చి మార్చి చూసి, ఆగి ఆగి చెప్పింది. పాప నోరు విప్పలేదు. ఏమందే అని నేను గద్దించాక అంది: “చిన్నపాప గుండె వినబడట్లేదంట అమ్మా.”

నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. “సరిగ్గా అడుగు! మళ్ళీ చూడమను!” అని అరిచాను. పాప మళ్ళీ అడిగింది. డాక్టరు మళ్ళీ అదే చెప్పింది. “సరిగ్గా అడగవే!” అని దాని చెయ్యి పట్టుకుని ఊపాను. అప్పుడు నర్సు నన్ను అడక్కుండానే పాపను బయటికి తీసుకెళ్ళి, రంగు పెన్సిళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఫోన్ తెచ్చి నా తలగడ పక్కన పెట్టింది. అవతల హైదరాబాదు యాసలో ఒకావిడ. అమ్మా అని పిలిచి, డాక్టరు మాట ఒక్కొక్కటే, తొందర లేకుండా చెప్పింది. నేను ఏడుస్తుంటే ఆగింది. బిల్లులో ఆ ఫోనుకి ఒక్క సెంటు లేదు.

ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రి భాష రాని రోగికి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలన్నది అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం నాటి మాట. 2016లో వచ్చిన నిబంధనలు ఇంకో అడుగు వేసి, ప్రాణం మీదికి వచ్చి మరో దారి లేనప్పుడు తప్ప చిన్నపిల్లల చేత వైద్యం మాటలు చెప్పించకూడదని రాశాయి. పెద్దవాళ్ళ జబ్బు మాటలు మోయడం పిల్లల పని కాదని చట్టం రాసేవాళ్ళకి తట్టింది, తల్లినైన నాకు తట్టలేదు. మన దుబాసీలు కూడా పెద్దవాళ్ళే కదా. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా చేశాడు, చదువుకున్న మగవాడు, నెల తిరిగేసరికి జీతం తీసుకున్నాడు. నా దుబాసీ మూడో తరగతి.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరం ఎత్తలేదు. పాప ముందు ఏడవకూడదని నేను, నా ముందు ఏడవకూడదని పాప. కొన్నాళ్ళకి మామూలైపోయిందనుకున్నాను. ఆ తర్వాతే దానికి కడుపునొప్పి మొదలైంది. బడికి వెళ్ళే వేళకి వచ్చేది, పది గంటలకి తగ్గేది. రక్తపరీక్ష, స్కాన్, అన్నీ అయ్యాయి. ఏమీ తేలలేదు. బడి ఎగ్గొట్టే వేషాలన్నాను.

ఆ కడుపునొప్పి ఎరగని ఊరు కాదు మాది. మా వీధిలో ఒకావిడ బావిలో పడి చనిపోతే అందరూ కడుపునొప్పి తాళలేక అన్నారు. పేపర్లోనూ అదే వచ్చింది. తెలుగు పేపర్లు చదవడం వచ్చాక వాటిలోనూ అదే మాట చూశాను. మనసు పడే బాధని చెప్పుకోవడానికి మనవాళ్ళు ఒప్పుకునే చోటు ఒంట్లో ఎక్కడైనా ఉంటే అది కడుపే. అయినా ఇంట్లో పిల్ల కడుపు పట్టుకుంటే నాకు వెలగలేదు.

2016లో టెక్సస్‌లో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోకి మారాం. అక్కడ తెలుగువాళ్ళకి లోటు లేదు. 2010 నుంచి 2017 లోపల అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని, 86 శాతం పెరిగిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో తిరిగితే నమ్మబుద్ధేస్తుంది. హమ్మయ్య, మా సత్రపట్టి వీధి దొరికిందనుకున్నాను. దొరికింది పోలికల సంత. ఎవరి పిల్ల ఏ మ్యాథ్ క్లాసులో ఉంది, ఎవరి పిల్లాడు ఏ స్పెల్లింగ్ పోటీలో నెగ్గాడు. 2018లో పక్కనే ఉన్న మెకిన్నీ పిల్లాడు కార్తీక్ నెమ్మాని జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచాడు. ఆ అబ్బాయి చక్కగా కష్టపడి గెలిచాడు, అందులో తప్పేముంది? తప్పల్లా ఆ వీడియో నా కూతురికి అన్నం తింటున్నంతసేపూ చూపించి, “వాడికీ నీ వయసే” అన్న నాది.

దానికి ముందు ఏడాది, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్‌లోని ఓలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక బార్లో కాల్చి చంపారు. మా దేశంనుంచి పొండి అని అరిచి కాల్చాడు వాడు. ఆ వారమంతా ప్రతి తెలుగింట్లో టీవీ మోగుతూనే ఉంది. బయట మన భాషలో మాట్లాడకండి అని వాట్సాప్‌లో సలహాలు తిరిగాయి. నేనూ పాపకి చెప్పాను, కొట్లో నన్ను అమ్మా అని గట్టిగా పిలవకు అని. మనబడికి పంపి అక్షరాలు దిద్దించింది నేనే, ఆ భాష నోట్లోంచి రానివ్వకు అన్నదీ నేనే. మనల్నీ చంపుతారా అని అడిగింది. ఛ, అలా అనకూడదు అన్నాను. అది జవాబు కాదని పన్నెండేళ్ళ పిల్లకి తెలీదా?

ఇక వీసా. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు 2014 నాటిది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదు. ఆ లెక్కన భారతీయుల వరస నడవదు, పాకుతుంది. వరస ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా వచ్చిన రోజున మా ఇంట్లో కూర రుచి మారిపోయేది. తేదీ కదిలితే పాయసం, వెనక్కి జరిగితే ఎవరూ మాట్లాడరు. హెచ్-4 మీద పెరిగిన పిల్లలకి ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వరసలోంచి జారిపోతారు. 2002లో వచ్చిన చట్టం ఒకటి కొంత వయసు తగ్గించి లెక్కేస్తుంది కానీ మాలాంటివాళ్ళకి అది చాలదు. ఇలా జారిపోయే అంచున ఉన్న పిల్లలు రెండు లక్షలకు పైనే ఉంటారని వాళ్ళ తరఫున పోరాడేవాళ్ళ అంచనా. అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లు 2021లో పెట్టారు, గడప దాటలేదు. ఇవన్నీ పాప ముందే మాట్లాడుకునేవాళ్ళం. వరసలో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్ అనే మాట దానికి ఎక్కాలతో పాటే వచ్చింది. దాని వయసు మాకు భయంగా మారింది. పుట్టినరోజు కేకు కోస్తుంటే “ఇంకా ఆరేళ్ళే” అని మా ఆయన నాతో అన్నాడు. మెల్లగానే అన్నాడు. కొవ్వొత్తులు ఊదబోతున్న పిల్లకి వినిపించింది.

తొమ్మిదో తరగతిలో బడి కౌన్సెలర్ ఫోన్ చేసింది. పాప క్లాసులో ఉన్నట్టుండి ఊపిరాడక బయటికి పరిగెత్తుతోంది, ఎవరికైనా చూపిస్తే బాగుంటుందని చెప్పింది. నాకు అప్పటికి ఇంగ్లీషు అర్థమవుతోంది, 2015లో వచ్చిన నిబంధన పుణ్యమా అని హెచ్-4 మీదే పని చేసుకునే కాగితం తెచ్చుకుని ఒక డే కేర్‌లో చేరాను. ఇంట్లో అంతా బాగానే ఉంది, థాంక్యూ అని పెట్టేశాను. మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తే రికార్డులోకి ఎక్కుతుంది, గ్రీన్‌కార్డు ఆగిపోతుంది అని ఎవరో చెప్పగా విన్నాను. ఎవరిని అడిగినా అవునవును అన్నారు, ఒక్కరూ లాయర్ని అడగలేదు. నిజం వేరు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో చూసేది మానసిక జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. దిగులుకో ఆందోళనకో కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన కార్డు ఆగదు. ఆ పుకారు ఎంతమంది పిల్లల్ని ఎన్నేళ్ళు ఇళ్ళలో మగ్గబెట్టిందో. ఆ సాయంత్రం పాపతో అన్నాను: “మన ఇంటి సంగతులు బడిలో చెప్పొద్దు.”

2021 మే నెలలో మా నాయన కరోనాతో పోయాడు. కాన్సులేట్లు మూసేశారు, వెళ్తే వీసా స్టాంపు దొరక్క తిరిగి రాలేం. దహనం వాట్సాప్‌లో చూశాను. సిగ్నల్ తెగినప్పుడల్లా మళ్ళీ కలిపి ఫోన్ నా మొహానికి ఎదురుగా పట్టుకున్నది పాప. నేను నేల మీద పడి ఏడుస్తుంటే ఒళ్ళో తల పెట్టుకుని జోకొట్టింది. మా తాతయ్య కదా అని అది ఏడ్చిందో లేదో ఆ రోజు నేను చూడలేదు.

ఆ ఏడు శరదృతువులో కాలేజీ దరఖాస్తులు. అక్కడ పిల్లలు తమ గురించి ఆరు వందల యాభై మాటలు మించకుండా ఒక వ్యాసం రాయాలి. తల్లిదండ్రులకి దుబాసీ పని చేశావు కదా, దాని గురించి రాయి, బాగా ఆకట్టుకుంటుంది అన్నారట టీచర్లు. రాసింది. కుళాయి, ఇన్సూరెన్సు ఉత్తరం, అన్నీ నవ్వొచ్చేలా. తర్వాత ఆస్పత్రి. అక్కడితో నవ్వు ఆగిపోయింది. ఆ రోజు తను ఏదో మాట తప్పు అడిగిందని, అమ్మ చెప్పినట్టు సరిగ్గా అడిగి ఉంటే డాక్టరు ఆ బిడ్డను బతికించేదని, ఆ సరైన మాట ఏదో ఇప్పటికీ వెతుకుతున్నానని రాసింది. తను లేకపోతే అమ్మకి ఈ బాధ ఉండేది కాదేమోనని కూడా. టీచరు ఆ కాగితం కౌన్సెలర్‌కి ఇచ్చింది. ఈసారి కౌన్సెలర్ ఫోన్‌లో చూపిస్తే బాగుంటుంది అనలేదు. ఇప్పుడే బయల్దేరి రండి అంది.

థెరపిస్టుని వెతికేటప్పుడు తెలుగావిడ అయితే బాగుంటుందేమో అన్నాను. పాప వద్దంది, మనవాళ్ళకి తెలిసిపోతుందని. ఆస్పత్రి మంచం మీద నేను ఏ కారణంతో ఫోన్ వద్దన్నానో అదే కారణం దాని నోట విన్నాను. ఒక నల్లజాతి ఆవిడ దొరికింది. కొన్నాళ్ళకి ఆవిడ నన్నూ పిలిచింది. నాకు ఇంగ్లీషు వచ్చు అంటే, ఇలాంటి మాటలకి వచ్చిన ఇంగ్లీషు చాలదని ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించింది. పాప పక్కనే ఉన్నా అనువాదం దాని పని కాదు, దానికి ఆవిడ పెట్టిన మొదటి నియమం అదే. అక్కడ చెప్పాను: “నువ్వు సరిగ్గానే అడిగావమ్మా. మొదటిసారే సరిగ్గా అడిగావు. నేనే వినలేకపోయాను.”

సినిమాల్లోలా ఒకరినొకరు కావలించుకున్నామనుకునేరు. “ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చుగా” అంది. అనడానికి దానికి హక్కుంది. ఆ తర్వాత వారాల తరబడి నాతో పొడిగానే మాట్లాడింది. అలా ముక్తసరిగా ఉండనివ్వండి, అది అలిగే వయసులో అలగలేదు అంది థెరపిస్టు.

ఇది మా ఒక్కింటి గోల కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అలెహాండ్రో పోర్టెస్, రూబెన్ రంబాట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1992 నుంచి మయామీ చుట్టుపక్కల, శాన్‌డియేగోలో ఐదు వేలకు పైగా వలస కుటుంబాల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. పిల్లలు కొత్త భాషలో తల్లిదండ్రుల కంటే చాలా ముందుకు వెళ్ళిపోయి, పెద్దలకి చుట్టూ మనవాళ్ళ ఆసరా లేకపోతే, ఇంట్లో స్థానాలు తారుమారవుతాయని వాళ్ళు రాశారు. పిల్ల పెద్దదవుతుంది, తల్లి పిల్లవుతుంది. అనువాదం చేయించడమే విషమని నేననడం లేదు. కొట్లో ధర అడగడం, దారి కనుక్కోవడం వాళ్ళకి సరదా కూడా. చావుకబురు, అప్పు, వీసా, అమ్మానాన్నల తగువు, ఇవి వేరు.

నేను చేసిన పెద్ద పొరపాటు ఆస్పత్రిలో చేసింది కూడా కాదేమో. “మేం తమిళం బడిలో చదవలేదా” అన్న ఆ పాఠం. మా పూర్వీకులు దక్షిణానికి వచ్చినప్పుడు ఊళ్ళకి ఊళ్ళే కదిలి వచ్చారు. దేవుణ్ణి తెచ్చుకున్నారు, సావడి కట్టుకున్నారు, పిన్నులు, అత్తలు, అవ్వలు అందరూ ఒకే వీధిలో కుదురుకున్నారు. నేను బడిలో తమిళం పిల్లల చేత వెక్కిరింపు పడి ఇంటికొస్తే, ఏడవడానికి నాకు అరడజను ఒళ్ళు ఉండేవి. మా పిన్నికి ఏడో నెలలో బిడ్డ పోయినప్పుడు పిల్లలందర్నీ ఎదురింటి అవ్వ తీసుకెళ్ళి మురుకులు పెట్టి కూర్చోబెట్టింది. పిన్ని దగ్గర కూర్చున్నది పెద్ద ఆడవాళ్ళు. పిన్ని ఏడుపు మేం వినలేదు, అది మోసే వంతు మాకు రానివ్వలేదు. నా కూతురికి ఎదురింటి అవ్వ లేదు. వలస వచ్చింది ముగ్గురం, ఆ ముగ్గురిలో చిన్నది అదే, అవ్వ పని కూడా దాని చేతే చేయించాను.

వీధిని నెత్తిన పెట్టుకోవడమూ నాకు ఇష్టం లేదు. బావిలో పడ్డావిడ అసలు బాధ ఏమిటో ఆ వీధి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. ఆవిడ పిల్లల్ని ఎవరైనా మీకెలా ఉంది అని అడిగారా? నాకు గుర్తు లేదు. కూలికి బ్యాండేజీ చుట్టిన మా వేళ్ళని చూసి ఎవరూ పాపం అనలేదు, గట్టిపిల్లలు అన్నారు. నా కూతుర్ని నేను పొగిడిన మాట అక్కడే నేర్చుకున్నాను.

2025లో పాపకి ఇరవై ఒకటి నిండాయి. మా వరస మా దాకా రాలేదు. ఐదేళ్ళ వయసునుంచి ఉన్న దేశంలో ఇప్పుడు అది ఎఫ్-1 మీద, విదేశీ విద్యార్థిని. ఆ సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు, దాని ఉద్యోగం సంగతి ఏమవుతుందో తెలీదు. ఈసారి మా భయం దాని ముందు పరచలేదు. లాయరు ఫీజు కట్టి అడగాల్సినవి మేమే అడిగి తెలుసుకుని, తేలినంత మేరకు దానికి చెప్పాం. దిగులుకి వాడే మందు ఇంకా వేసుకుంటోంది. కొన్ని నెలలు బాగుంటుంది, కొన్ని నెలలు బాగుండదు. మొన్న ఫోన్‌లో, నీకేమైనా కష్టమైతే ముందు నీ స్నేహితురాలికి చెప్పుకుని తర్వాత నాకు చెప్పు అంది, నవ్వుతూనే. నాకిప్పుడు నా ఈడు స్నేహితురాలు ఒకావిడ ఉంది, ఆమెకే చెప్పుకుంటున్నాను.

అమ్మకి మోకాళ్ళు బాగాలేక కొన్నాళ్ళుగా సత్రపట్టిలో ఉంటున్నాను. రాజపాళయం మిల్లుల్లో ఇప్పుడు ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు పని చేస్తున్నారు, కొందరు కుటుంబాలతో. మొన్న అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తే వరసలో మా ముందు హిందీ మాట్లాడే దంపతులు, వాళ్ళ మధ్య బడి యూనిఫాంలో ఒక పిల్ల. తల్లికి రక్తం పోతోందని ఆ పిల్ల తమిళంలో నర్సుకి చెబుతోంది. చక్కటి తమిళం. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత తెలివైన పిల్లో అని మెచ్చుకుంటున్నారు. నాకు తమిళం నిండుగా వచ్చు, హిందీ సగం సగం. వెళ్ళి ఆ పిల్లను మా అమ్మ పక్కన కూర్చోబెట్టి, నా వచ్చీరాని హిందీతో లోపలికి నేను వెళ్ళాను.

మీ ఊరికీ ఇలా వచ్చినవాళ్ళుంటారు, హైదరాబాదులో మరీను. బ్యాంకులో, పోలీసు స్టేషన్లో, డాక్టరు గదిలో పిల్ల చేత మాట్లాడిస్తున్న తల్లిదండ్రులు కనబడితే పిల్లను మెచ్చుకోకండి, మీకొచ్చిన భాషతో ముందుకు వెళ్ళండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగితే మొహమాటపడకుండా కావాలనండి, అది మీ హక్కు. పిల్లకి ఊరికే కడుపునొప్పి వస్తుంటే, ఇంట్లో జరిగిన ఏదైనా తన తప్పనుకుంటోందేమో ఒకసారి అడగండి. మన దేశంలో టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. అమెరికాలో 988, ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఇస్తారు. రెండూ పగలూ రాత్రీ పనిచేస్తాయి. ఆ ఫోన్ మాత్రం మీరే చెయ్యండి, పిల్ల చేత చేయించకండి.